కుడివైపు వయొలిన్

చింతాద్రిపేట, చెన్నై
జూన్ 9

మరదలు సంయుక్తకు,

ఆశీస్సులు. ఇవాళ ఒళ్ళు మండిపోతోంది కాబట్టి అవి కాస్త తక్కువగానే అందుతాయి.

నేను ఫోను తీయడం లేదని మీ ఆయన దగ్గర సణిగావట. తీసి ఏం చేయను? నీ గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వస్తోంది. కొత్త ఫోను కొన్నాను, అదీ అంతే. అందుకే ఉత్తరం. ఇంతమందిమి తెలుగు మాట్లాడే కుటుంబంలో తెలుగు చదవడం వచ్చింది మనిద్దరికే. నా తమ్ముడు తమిళ బడిలో చదివాడు, వాడికి 'అ' కూడా రాదు. ఇందులో వాణ్ణి ఎంత తిట్టుకున్నా ఫర్వాలేదు.

అసలు బాధ నా సీడీ ప్లేయరుది. అంబత్తూరు కంపెనీలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసి, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో నేను నా కోసం కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు అది. చుట్టాలంతా నవ్వారు. "ఫోన్‌లో ఊరికే వచ్చే పాటకి ఇంత పెట్టె ఏంటికి అక్కా?" అన్నాడు నీ మొగుడు. వాడికేం తెలుసు! పైమూత పక్కకి జరిపి, డిస్కు పెట్టి, దాని మీద ఇత్తడి బిళ్ళ ఉంచి, మూత వేసి కుర్చీలో కూర్చున్నానంటే మా హాలే సభ అయిపోతుంది. కళ్ళు మూసుకుని వేలు పెట్టి చూపిస్తాను: మధ్యలో పాడే ఆవిడ, ఎడమవైపు మృదంగం, కుడివైపు వయొలిన్. పల్లవి ఎత్తుకోబోయే ముందు ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతుంది.

ఇప్పుడా వయొలిన్ విద్వాంసుడు కచేరీ మధ్యలో కాఫీకి లేచి వెళ్ళిపోయాడు. ఉన్నాడా అంటే ఉన్నాడు, తలుపు అవతల కూర్చుని వాయిస్తున్నట్టు. రిచ్చీ వీధిలో రిపేరు దుకాణం గిరి తెలుసుగా, ఈ పెట్టెను మొదట్నించీ చూసేది అతనే. ఏప్రిల్‌లో డిస్కు చదివే లేజరు మార్చాడు. అప్పట్నించే ఈ పీడ. పిలిస్తే వచ్చి, విని, "బాగానే వినబడతా ఉండాది మా" అన్నాడు. నా చెవి ముందు అతని చెవి! మొదటి ఆదివారం మా శ్రోతల గుంపు ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళకీ వినిపించాను. "కుడివైపు మందంగా లేదూ?" అన్నాను. అందరూ ఒక్కసారే తలలూపారు. ఆడిటర్ వెంకట్రామ్ అయితే, "మందం కాదండీ, చచ్చిపోయింది" అన్నాడు. ఇంక అనుమానమేముంది?

మీ వదిన,
కోకిల


హోసూరు
జూన్ 20

వదినకు నమస్కారాలు.

మీ తమ్ముడికి 'అ' రాదని నాకు పెళ్ళప్పుడే తెలుసు. మా శుభలేఖను తలకిందులుగా పట్టుకుని "బాగా అచ్చేసినారే" అని మెచ్చుకున్నారు.

మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మొన్న గిరి మీ తమ్ముడికి ఫోను చేశాడు. "అన్నా, అసలు లేజరు పీకేసి డూప్లికేట్ వేసినానని అమ్మ వాట్సాప్ గ్రూపులో రాసిండారు. నేను అట్లాంటోణ్ణి కాదన్నా. ఇద్దరు వాళ్ళ మిషన్లు వెనక్కి తీసుకొని పోయినారు. మీరొక మాట చెప్పండి" అని. మీ తమ్ముడు ఫోను పెట్టేసి, "పావం" అన్నారు.

వయొలిన్ గురించి ఇంత రాశారు, ఈ సంగతి ఒక్కటీ రాయలేదేం వదినా? నిజంగానే రాశారా ఆ మాట? లాక్‌డౌన్‌లో మీకు పాలూ బియ్యమూ తెచ్చి మెట్ల మీద పెట్టి వెళ్ళింది ఈ గిరే కదా?

జవాబు రాయండి. ఇక్కడ అందరం బాగున్నాం.

సంయుక్త


చింతాద్రిపేట
జూన్ 28

సంయుక్తకు,

అవును, రాశాను. నలుగురు మోసపోకూడదని రాశాను. నా పెట్టెలోంచి మంచి లేజరు పోయిందని నా చెవి చెబుతోంది. నా చెవి ఇంతవరకు అబద్ధం చెప్పలేదు.

ఆ గుంపులో నన్నేమంటారో తెలుసా నీకు? 'బంగారు చెవి'. ఎవరు కొత్త ఆంప్లిఫయరు కొనాలన్నా ముందు నాకు వినిపిస్తారు. నేను సరే అంటేనే డబ్బు కడతారు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు, కారు దిగి, మా ఇరుకు మెట్లెక్కి, నా కుర్చీ పక్కన నిలబడి నా మొహం వంక చూస్తూ ఉంటారు. అంబత్తూరులో నేను అకౌంట్స్ అమ్మను. మన ఇంట్లో పెళ్ళి కాని అక్కను. మనిషన్నాక ఒక చోటైనా తన మాటకు విలువ ఉండాలి, నాకున్నది ఆ ఒక్క చోటే. అక్కడికొచ్చి గిరి "బాగానే ఉండాది" అంటే నేను ఊరుకోవాలా?

పాలు తెచ్చాడు, నిజమే. దానికీ దీనికీ ముడిపెట్టకు.

ఫోను మళ్ళీ మార్చాను. షాపువాడు బాగానే ఉందంటాడు. ఈ ఊళ్ళో అందరూ బాగానే ఉందనేవాళ్ళే.

కోకిల వదిన


హోసూరు
జూలై 7

వదినా,

మీ తమ్ముడు పక్కనే కూర్చుని ఉండగా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏం రాస్తున్నావని అడిగితే మాగాయ కొలతలన్నాను.

నన్ను తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి. మీది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో రాసుకుంటూ ఫోనును కుడిచెవికి ఆనించుకోవడం మీకు ఆఫీసు నుంచి అలవాటు. ఎన్ని ఫోన్లు మార్చినా నా గొంతు నూతిలోంచి పైకి రాలేదు. మే నెలలో పెళ్ళికి వచ్చినప్పుడు ఆటోలో మీ కుడిపక్కన కూర్చుని చీర ఎక్కడ కొన్నారని రెండుసార్లు అడిగాను. మీరు పలకలేదు. అలిగారేమో అనుకుని నోరు మూసుకున్నాను. ఇప్పుడు కుడివైపు వయొలిన్ వినబడటం లేదంటున్నారు. వదినా, ఫోనూ, ఆటో, వయొలినూ, అన్నిచోట్లా ఉన్నది మీ కుడిచెవే.

నాకు మిషన్ల సంగతి ఏమీ తెలియదు. ఒక్క పని చేయండి. కుర్చీ తిప్పి, పెట్టెకు వీపు పెట్టి కూర్చుని అదే డిస్కు వేయండి. వయొలిన్ అప్పుడు మీ ఎడమచెవి వైపుకి వస్తుంది. అప్పుడు కూడా మందంగా ఉంటే తప్పు మిషనుదే, నేనే వచ్చి మీ కాళ్ళు పట్టుకుంటాను. వయొలిన్ బాగుండి మృదంగం మందమైతే మాత్రం, తప్పు ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

చెవికి వయసొస్తే సిగ్గుపడాల్సిందేముంది? నాకు మోకాళ్ళకి రాలేదా?

సంయుక్త


చింతాద్రిపేట
జూలై 15

సంయుక్తకు,

ఉత్తరం అందింది. ఆ కుర్చీ టేకుది, బరువు. దాన్ని తిప్పే తీరికా ఓపికా నాకు లేవు. ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు.

కోకిల


హోసూరు
ఆగస్టు 11

వదినా,

మీ నుంచి ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. పోస్టుమాన్ మా గేటు దాటి వెళ్ళిన ప్రతిసారీ నాకు తలకొట్టేసినట్టుగా ఉంది. అనవసరంగా మిమ్మల్ని నొప్పించానా అని బాధపడ్డాను. రాసిన మాట తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు.

గిరి కబురు ఇంకోటి తెలిసింది. పని తగ్గిపోయి, దుకాణంలో సగం మొబైలు కవర్లు అమ్మేవాడికి ఇచ్చేశాడట. మీ తమ్ముడితో మీ మీద ఒక్క చెడ్డమాట కూడా అనలేదు. "అమ్మకి ఎట్లా చెప్పేదో తెల్లేదన్నా" అన్నాడట, అంతే.

మీ చెవి సంగతి మీరు దాచుకోండి. నేను చచ్చినా ఎవరికీ చెప్పను, మీ తమ్ముడికీ చెప్పను. కానీ వదినా, మీ చెవి దాచుకోవడానికి గిరి దొంగ కావాలా? ఈ ప్రశ్న అడగకుండా నాకు నిద్ర పట్టడం లేదు. కోపమొస్తే ఈ ఉత్తరం కూడా చించేయండి.

మీ సంయుక్త


చింతాద్రిపేట
ఆగస్టు 24

సంయుక్తా,

చించలేదు. ఏ ఉత్తరమూ చించలేదు.

కుర్చీ ఆ రోజే తిప్పాను. నీ ఉత్తరం చదివి, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టి, నీకు బుద్ధి చెబుదామనే తిప్పాను. వయొలిన్ ఎంత బాగుందో తెలుసా! కమాను తీగ మీద గీసుకునే చప్పుడు కూడా వినబడింది. సంబరం ఒక్క క్షణమే. మృదంగం తలుపు అవతలికి పోయింది. కచేరీ అయిపోయేదాకా ఎదురుగా ఉన్న గోడ చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఏడ్చాను. నీకు మాత్రం కుర్చీ బరువని రాశాను.

పోయిన వారం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. ఎడమచెవికి టకటకా నొక్కాను. కుడిచెవి వంతు వచ్చాక ఎంతసేపటికీ ఏమీ రాకపోతే, "మిషను ఆన్ చేశారా డాక్టరమ్మా?" అని అడిగాను. అక్కడ కూడా మిషన్నే అన్నాను చూడు. ఆవిడ నవ్వలేదు. "మీరు పని చేసిన చోట కుడివైపు ఏముండేదమ్మా?" అంది.

కుడివైపు ప్రెస్ షాపు ఉండేది. రేకులు గుద్దే మిషన్లు. నా బల్ల కుడిపక్క గోడకి కిటికీ, కిటికీ అవతల అవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుద్దుతూనే ఉండేవి. మొదట్లో తలనొప్పి వచ్చేది, తర్వాత అలవాటైపోయిందనుకున్నాను. అలవాటు కాదట, పోవడం అప్పుడే మొదలైందట. ఒక్కవైపే ఇంతగా పోయింది కాబట్టి స్కానింగు కూడా తీయించింది. భయపడాల్సిందేమీ లేదంది. పోయింది తిరిగి రాదనీ, చెవికి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయనీ అంది. పాట మునుపటిలా ఉంటుందా అంటే చీటీ రాసిచ్చింది.

సంయుక్తా, నాకు భయంగా ఉంది. గుంపులో ఈ మాట చెప్పేస్తే ఇంక నా మెట్లెక్కేది ఎవరు? గిరికి ఎంతో కొంత డబ్బిచ్చి సర్దేద్దామా అని ఒకసారి అనిపిస్తుంది. పెట్టె అమ్మేసి గుంపులోంచి తప్పుకుంటే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అని ఇంకోసారి అనిపిస్తుంది. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్ళీ అందరూ మా ఇంటికే వస్తున్నారు. ఏం చేయమంటావు?

మీ వదిన,
కోకిల


హోసూరు
ఆగస్టు 30

వదినా,

ఏం చేయమంటావని మీరు నన్ను అడగడం ఇదే మొదటిసారి. కాపురానికొచ్చిన కొత్తలో సాంబారులో ఉప్పెంతో కూడా మీరే చెప్పేవారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మీ తమ్ముడు చూసి, మాగాయ పాడైందా అని అడిగారు.

డబ్బిస్తే గిరి తీసుకోడు. తీసుకున్నా అతని పేరు బాగుపడదు. పెట్టె అమ్మి మీరు తప్పుకుంటే, మీరన్న మాట అక్కడే ఉండిపోతుంది, దాన్ని వెనక్కి తీసుకునేవాళ్ళు కూడా ఉండరు. ఎవరి ముందు అన్నారో వాళ్ళ ముందే తీసుకోవాలి. ఇది మీకు తెలియక కాదు, నా చేత అనిపించుకుందామని అడిగారు. అనేశాను.

ఆ పూట మీకు ఎంత కష్టమో నాకు తెలుసు. కావాలంటే శనివారం బస్సెక్కి వస్తాను. వంటింట్లో కూర్చుంటాను, బయటికి రాను.

పెట్టె మాత్రం అమ్మకండి. అది మీ కష్టార్జితం.

మీ సంయుక్త


చింతాద్రిపేట
సెప్టెంబరు 8

నా మరదలు సంయుక్తకు,

నువ్వు రావద్దని కబురు పెట్టింది కోపంతో కాదు. నువ్వు వంటింట్లో ఉన్నావని తెలిస్తే నేను వంటింట్లోకే వచ్చేసేదాన్ని.

శుక్రవారం గిరి దుకాణానికి వెళ్ళాను. ఎప్పుడు వెళ్ళినా స్టూలు తుడిచి వేసేవాడు, ఈసారి వేయలేదు. నేనేం తప్పుపట్టలేదులే. చేతిలో పని ఆపకుండానే, "మిషన్లో ఏమన్నా పనుండాదా మా?" అన్నాడు.

"పనేం లేదు. ఆదివారం ఇంటికి రా. అందరూ ఉంటారు."

"నేను ఆడికొచ్చి ఏం చేసేది మా? ఉన్న పేరు చాలదా?"

"నాకోసం రా గిరీ. ఒక్కసారి" అన్నాను. అతను మళ్ళీ చేతిలో పని మీదికి వంగాడు. ఇంటికి నడిచి వస్తుంటే దారంతా నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం అందరూ వచ్చారు. కాఫీలయ్యాయి. గిరి చివర్లో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, చెప్పులు కూడా విప్పలేదు. నేను డిస్కు వేసి కుర్చీలో కూర్చున్నాను. కాస్త సాగాక, "కుడివైపు ఎట్లా ఉండాది?" అని అడిగాను.

"అంతే అంతే" అన్నారు. వెంకట్రామ్ కళ్ళు మూసుకుని, "పోయిన నెలకంటే అధ్వాన్నం అయిందండీ" అన్నాడు.

లేచి కుర్చీ తిప్పాను. నిజంగానే బరువే సంయుక్తా, ఆ మాట అబద్ధం కాదు. ఇద్దరు సాయానికి లేచారు, వద్దన్నాను. పెట్టెకు వీపు పెట్టి, వాళ్ళందరికీ ఎదురుగా కూర్చున్నాను. నాకు మతి పోయిందన్నట్టు చూశారు. కొంగు సర్దుకున్నాను.

"ఇప్పుడు నాకు వయొలిన్ బ్రహ్మాండంగా ఉండాది" అన్నాను. "మృదంగం పోయింది. మిషను ఉన్నచోటనే ఉండాది. తిరిగింది నేను. పోయింది నా కుడిచెవి. డాక్టరు దగ్గర చూపించుకున్నాను, చీటీ కూడా ఉండాది. గిరి వేసిన లేజరులో ఏ దోషమూ లేదు. నేను అతన్ని దొంగ అన్నాను. మీ అందరి ముందూ అన్నాను కాబట్టి మీ అందరి ముందే చెప్తా ఉండాను. తప్పు నాది. గిరీ, నన్ను క్షమించు నాయనా."

అప్పుడు నాకు నవ్వొచ్చింది, ఎందుకో ఆపుకోలేకపోయాను. "సెరి, నాకంటే చెవి లేదు. మీకేమొచ్చింది? మీ అందరికీ కుడివైపు మందంగా ఎట్లా వినబడింది?"

వెంకట్రామ్ ఫ్యాను వంక చూడటం మొదలుపెట్టాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఒకాయన లేచి గిరి దగ్గరికి వెళ్ళి, తన మిషను మళ్ళీ తెచ్చిస్తానని మెల్లిగా చెప్పడం చూశాను. గుంపులో కూడా రాత్రికే రాసేశాను, వయొలిన్ దగ్గర్నించి క్షమాపణ దాకా అంతా. బదులుగా కొందరు దండాలు పెట్టారు. కొత్త ఆంప్లిఫయరు వినిపిస్తానన్న ఒకాయన మాత్రం ఇంతవరకు ఏమీ అనలేదు. ఇకమీదట అనడు కూడా. గుండెలో కలుక్కుమన్న మాట నిజం, నీ దగ్గర దాచడమెందుకు?

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇదంతా జరుగుతున్నా డిస్కు ఎవరూ ఆపలేదు. ఆవిడ ఆలాపన ముగించింది, వయొలిన్ వంతు వచ్చింది. అందరి ఎదురుగా అలా కూర్చోవడం ఇబ్బందిగా ఉండి, కుర్చీ మళ్ళీ మామూలుగా తిప్పుకుందామని లేవబోయాను. గిరి చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. కుర్చీ చేతిని పట్టుకుని ఆపాడు.

"ఉండండి మా" అన్నాడు. "వయొలిన్ అయ్యేదాకా ఇట్లనే కూర్చోండి."

కూర్చున్నాను. నా పెట్టెకు వీపు పెట్టి, అంతమంది మొహాలు చూస్తూ, వయొలిన్ చివరిదాకా విన్నాను.

మీ వదిన,
కోకిల